రొమేనియా వాళ్ల 'అప' మన 'ఆపః' కాదండీ

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో రొమేనియా గురించి వచ్చిన పూర్తి పేజీ వ్యాసం రెండుసార్లు చదివాను. ఫొటోలు బాగున్నాయి, కార్పాతియన్ కొండల గురించి రాసిందీ బాగుంది. కానీ మధ్యలో వచ్చిన మూడు మాటలు చదివాక ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. రొమేనియన్లంటే వెయ్యేళ్ల కిందట మన దేశం నుంచి వెళ్లిన రోమా జనమే (జిప్సీలు అంటారే, వాళ్లు) అని ఒకటి. అక్కడ నీళ్లను 'అప' అంటారు, సంస్కృతంలో 'ఆపః' అంటారు కాబట్టి వాళ్ల భాషకు మూలం సంస్కృతమేనని రెండోది. వ్లాక్‌లు అనేవాళ్లు బాల్కన్ కొండల్లో తిరిగే ఒక జిప్సీ తెగ అని మూడోది. మూడూ తప్పే. చిన్న తప్పులైతే వదిలేసేవాణ్ణి, కానీ ఇవి ఒకరి పేరూ పుట్టుకా తీసుకెళ్లి ఇంకొకరికి అంటగట్టే తప్పులు.

నాకెందుకింత పట్టింపో కూడా చెప్పాలి. మా అమ్మాయి ఉక్రెయిన్‌లో చెర్నివ్‌త్సీ అనే ఊళ్లో మెడిసిన్ చదివేది. 2022 ఫిబ్రవరిలో యుద్ధం మొదలయ్యేసరికి తనతో పాటు మన తెలుగు పిల్లలు చాలామంది అక్కడే ఉన్నారు. ఫోన్ మోగితే ఉలిక్కిపడే రోజులవి, ఆ టెన్షన్ పడ్డవాళ్లకే తెలుసు. బస్సువాడు సరిహద్దుకు చాలా దూరంలోనే దింపేస్తే చలిలో నడిచి, గంటల తరబడి నిలబడి, సీరెత్ దగ్గర రొమేనియాలోకి దాటింది. దాటగానే ఒక పెద్దావిడ వచ్చి భుజాల మీద దుప్పటి కప్పి, చేతిలో సీసా పెట్టి 'అప, అప' అందట. ఆ రాత్రి ఒక బడి ఆటల హాల్లో మడత మంచాల మీద పడుకోబెట్టారు. అక్కడే మా అమ్మాయి తన అనాటమీ నోట్సు వెనక పేజీలో విన్న మాటలన్నీ తెలుగు అక్షరాల్లో రాసుకుంది. ఆ నోట్సు ఇప్పటికీ మా బీరువాలో ఉంది. అప అంటే నీళ్లు, లప్తె అంటే పాలు, పుయినె అంటే రొట్టె, న్వాప్తె బున అంటే గుడ్‌నైట్, ఒప్ట్ అంటే ఎనిమిది, అది తన మంచం నంబరు. అన్నిటికంటే కింద, మిగతా వాటికంటే పెద్ద అక్షరాల్లో, ముల్త్సుమెస్క్. థాంక్స్ అని.

మా పిల్లకు నీళ్లిచ్చిన వాళ్లు ఎవరో తెలుసుకుందామని నేను ఈ సంగతులు చదవడం మొదలుపెట్టాను. బ్యాంకులో రిటైరయ్యాక నాకు వేరే పనేం లేదు కూడా.

'అప' చూడగానే నాకూ 'ఆపః' అనే తట్టింది. సంధ్యావందనంలో 'ఆపోహిష్ఠా' వింటూ పెరిగినవాడికి ఇంకేం తడుతుంది. కానీ మా అమ్మాయి పేజీలోనే దానికి జవాబు ఉంది, ఆ మాటలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే. పాలకు లాటిన్‌లో 'లక్తె', ఇక్కడ లప్తె. రాత్రికి లాటిన్‌లో 'నొక్తె', ఇక్కడ న్వాప్తె. ఎనిమిదికి లాటిన్‌లో 'ఒక్తో', ఇక్కడ ఒప్ట్. అంటే లాటిన్‌లో 'క్త' ఉన్నచోట రొమేనియన్‌లో 'ప్త' వస్తోంది. ఇటాలియన్ వాళ్లు అదే 'క్త'ను ఒత్తి పలికి లాత్తె, నోత్తె, ఒత్తో అంటారు. ఇక లాటిన్ 'క్వ' సంగతి చూడండి. నాలుగుకు 'క్వత్తువోర్', రొమేనియన్‌లో పత్రు. ఆడగుర్రానికి 'ఎక్వ', రొమేనియన్‌లో యాప. భాషకు, నాలుకకు 'లింగ్వ', రొమేనియన్‌లో లింబ. అదే వరసలో నీళ్లకు 'అక్వ', రొమేనియన్‌లో అప. ఒక్క మాట కలిస్తే ఏమీ తేలదు, ఇన్ని మాటలు ఒకే తీరుగా మారాయంటే మాత్రం ఆ భాష ఏ దారిన వచ్చిందో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. మనకూ ఇది కొత్త కాదు. కన్నడం వాళ్ల కివి మనకు చెవి, వాళ్ల కెరె మనకు చెరువు, వాళ్ల కెడు మనకు చెడు. ఈ వరసలు చూసే తెలుగు కన్నడాలకు చుట్టరికం ఉందంటున్నాం గానీ ఎక్కడో ఒక మాట చెవికి ఒకేలా వినిపించిందని కాదు కదా. (వందకు రొమేనియన్‌లో 'సుత' అంటారు, అది కచ్చితంగా మన 'శత'కు చుట్టమే, కానీ అది పక్కనున్న బల్గేరియన్ లాంటి స్లావు భాషల నుంచి అరువు తెచ్చుకున్న మాట. మీ వ్యాసకర్త అది చూసుంటే దాన్నీ సంస్కృతం ఖాతాలో వేసేవారని నా భయం.)

ఇప్పుడు రోమా జనం దగ్గరికి వద్దాం. వాళ్ల భాష రోమానీ. అందులో నీళ్లను ఏమంటారో తెలుసా? పాని! కన్ను యఖ్, ముక్కు నఖ్, చెవి కాన్, పన్ను దంద్, వెంట్రుక బాల్. ఏఖ్, దుయ్, త్రిన్, శ్తార్, పంజ్ అని లెక్కపెడతారు. పదికి దేశ్, ఇరవైకి బిష్. హిందీ వచ్చిన ఎవరికైనా ఒళ్లు జలదరిస్తుంది ఇది వింటే. మధ్యలో ఏడు, ఎనిమిది, తొమ్మిదికి మాత్రం ఎఫ్త, ఒఖ్తొ, ఎన్య, ఇవి గ్రీకు మాటలు, గ్రీకు మాట్లాడే తూర్పు రోమన్ సామ్రాజ్యంలో, అంటే బైజాంటిన్ సామ్రాజ్యంలో వాళ్లు ఎంతకాలం ఉన్నారో ఆ మూడు అంకెలే చెబుతాయి. మన దేశం నుంచి వెళ్లింది వీళ్లు. 'రోమ్' అంటే వాళ్ల భాషలో మనిషి, మొగుడు. దానికి మూలం సంస్కృతంలోని 'డోంబ' అని భాషావేత్తలు చెబుతారు. రొమేనియన్లు తమను తాము 'రొమున్' అంటారు, అది లాటిన్ 'రొమానుస్' నుంచి వచ్చింది, అంటే రోమన్ మనిషి. రెండు పేర్లూ పలకడానికి దగ్గరగా ఉన్నాయి, అంతకుమించి వాటికి ఏ సంబంధమూ లేదు.

ఇది మాటల గొడవే అయితే ఇంత రాయను. వలాకియా, మొల్దావియా సంస్థానాల్లో, అంటే ఇప్పటి రొమేనియా నేల మీదే, రోమా జనాన్ని వందల ఏళ్లు బానిసలుగా ఉంచారు. 1385 నాటి దానపత్రంలోనే తిస్మాన మఠానికి నలభై రోమా కుటుంబాలను ఇచ్చినట్టు రాసి ఉంది, భూములూ మిల్లులూ రాసిచ్చినట్టు మనుషుల్ని రాసిచ్చారు. వాళ్లకు పూర్తిగా విముక్తి దొరికింది మొల్దావియాలో 1855లో, వలాకియాలో 1856లో. యజమానులూ బానిసలూ ఇద్దరూ ఒకే జాతి అని రాసేస్తే ఆ ఐదు వందల ఏళ్ల బాధ ఎటు పోయినట్టు? అందుకే ఈ తప్పు నాకు అంత చిన్నదిగా కనిపించలేదు.

మీ వ్యాసకర్త తికమక పడటానికి ఒక కారణం ఉంది, అది ఒప్పుకుంటాను. రోమానీ భాషలో ఒక పెద్ద శాఖ పేరు 'వ్లాక్స్ రోమానీ'. వలాకియా, మొల్దావియాల్లో బానిసలుగా ఉన్నవాళ్లు మాట్లాడిన శాఖ కాబట్టి, రొమేనియన్ మాటలు దానిలో దండిగా కలిశాయి కాబట్టి ఆ పేరు. దాన్ని చూసి వ్లాక్‌లంటే జిప్సీలు అనుకోవడం, దక్కన్‌లో పుట్టిన ఉర్దూకు దక్కనీ అనే పేరుంది కాబట్టి దక్కన్ వాళ్లంతా ఉర్దూ వాళ్లేనన్నట్టు ఉంటుంది. ఇంకా తిరగేసి చెప్పాలంటే, రుదారులు అనే రోమా కుటుంబాలు తరాల కిందటే రోమానీ మర్చిపోయి రొమేనియన్ ఒక్కటే మాట్లాడుతున్నాయి. పేరు, భాష, పుట్టుక, ఈ మూడూ అక్కడ మూడు దారులు పట్టాయి.

అయితే వ్లాక్ అంటే ఎవరు? ఇది వాళ్లు పెట్టుకున్న పేరు కాదు, పరాయివాళ్లు పెట్టింది. వోల్కే అని ఒక కెల్టు తెగ ఉండేది, దాని పేరును జర్మానిక్ జనం మొదట ఆ తెగకూ, తర్వాత కెల్టులందరికీ, లాటిన్ మాట్లాడే ప్రతి పరాయివాడికీ వాడేశారు. ఇంగ్లండ్ పక్కనున్న వేల్స్, బెల్జియంలో వలోనియా, రొమేనియాలో వలాకియా, అన్నీ ఆ ఒక్క మాట పిల్లలే. పోలండ్ వాళ్లు ఇప్పటికీ ఇటలీని 'వ్వోహీ' అంటారు. హంగరీ వాళ్లు ఇటాలియన్‌ను 'ఒలాస్' అని, రొమేనియన్‌ను పాతకాలంలో 'ఒలాహ్' అని అన్నారు. మనకూ ఇలాగే జరిగింది. తమిళులు మనల్ని వడుగులన్నారు, ఉత్తరాది వాళ్లని. ఇంగ్లీషువాళ్లు జెంటూలన్నారు. బర్మా వెళ్లిన మన కూలీలను అక్కడ కోరంగీలన్నారు, కాకినాడ పక్కన కోరంగి రేవులో ఓడ ఎక్కి వెళ్లారని. కోరంగి అనేది జాతి అని రంగూన్‌లో ఎవరైనా వ్యాసం రాస్తే మనకు ఎలా ఉంటుంది?

లోపలి పేర్లు వేరు. దానూబ్ నదికి దక్షిణాన, గ్రీస్, అల్బేనియా, ఉత్తర మాసిడోనియా కొండల్లో ఉన్న వ్లాక్‌లు తమను 'అర్మున్' అంటారు, అదీ 'రొమానుస్' బిడ్డే. వాళ్ల భాషను అరోమేనియన్ అంటున్నారు. గ్రీస్, ఉత్తర మాసిడోనియా సరిహద్దులో కొన్ని ఊళ్లలో మెగ్లెనో రొమేనియన్ ఉంది, తమను తాము వ్లాక్ అని పిలుచుకునేది దాదాపు వీళ్లే. క్రొయేషియాలో ఇస్త్రియా ద్వీపకల్పంలో షుష్న్యెవిత్స, జేయానె అనే ఊళ్ల చుట్టుపక్కల ఇస్త్రో రొమేనియన్ ఉంది, మాట్లాడేవాళ్లు కొన్ని వందలు. నాలుగోది దానూబ్‌కు ఉత్తరాన పెరిగి పెద్దదైన రొమేనియన్. నాలుగూ ఒకే తల్లి పిల్లలు. పెద్దదానికి దేశం దొరికింది, బడులు దొరికాయి. మిగతా మూడింటికీ కొండలు, గొర్రెలు తప్ప ఏమీ దొరకలేదు.

ఆ తల్లి ఎక్కడ పుట్టిందన్నదే పెద్ద తగాదా. రోమన్ చక్రవర్తి త్రాజన్ రెండు యుద్ధాలు చేసి 106లో డేసియా రాజు డెసెబలుస్‌ను ఓడించి, ఇప్పటి ట్రాన్సిల్వేనియా ప్రాంతాన్ని రాష్ట్రంగా చేసుకున్నాడు. ఆ యుద్ధం కథంతా రోమ్‌లో త్రాజన్ స్తంభం మీద చెక్కి ఉంది. 270ల్లో ఔరేలియన్ చక్రవర్తి సైన్యాన్నీ అధికారులనూ దానూబ్ దక్షిణానికి వెనక్కి రప్పించాడు. మిగిలిన రైతులూ కాపరులూ కొండల్లోనే ఉండిపోయి రొమేనియన్లయ్యారని రొమేనియా వాదం. కాదు, వీళ్లు నది దక్షిణాన తయారై మధ్యయుగాల్లో ఉత్తరానికి వలస వచ్చారని హంగరీ వైపు వాదం. 1871లో ర్యోస్లర్ అనే ఆస్ట్రియా పండితుడు ఈ రెండోదాన్ని గట్టిగా రాశాక గొడవ ముదిరింది, ఎందుకంటే ట్రాన్సిల్వేనియా రొమేనియాదా హంగరీదా అన్న ప్రశ్న దాని వెనకే ఉంది. రొమేనియాను కమ్యూనిస్టు నియంత చౌషెస్కు ఏలిన కాలంలో అయితే 1974లో క్లుజ్ నగరం పేరుకు రోమన్ల నాటి నపోకా తగిలించారు, 1980లో డేసియా రాజ్యానికి 2050 ఏళ్లంటూ దేశమంతా ఉత్సవాలు చేశారు.

నేను చదివినంతలో నాకు అనిపించింది చెబుతాను. భాషలోనే రెండు వైపులా సాక్ష్యం ఉంది. ముసలివాణ్ణి రొమేనియన్‌లో 'బత్రున్' అంటారు, అది లాటిన్ 'వెతెరానుస్', సర్వీసు పూర్తి చేసుకున్న సిపాయి. రిటైరైన సైనికుడి పేరు ముసలితనానికే పేరైందంటే ఆ ఊళ్లలో పెద్దవాళ్లు ఎవరై ఉంటారో ఊహించుకోవచ్చు. ఇంకోవైపు, అల్బేనియన్‌తో కలిసే పాతమాటలు చాలా ఉన్నాయి, లాటిన్‌వి కావు, స్లావువి కావు. పొయ్యి దగ్గర చోటుకు వత్ర, పెదవికి బుజ, దేవదారు లాంటి చెట్టుకు బ్రద్, ఇవి అల్బేనియన్‌లోనూ దాదాపు ఇలాగే ఉంటాయి. పొయ్యి, పెదవి, చెట్టు పేర్లు బజారులో ఒకరి దగ్గర ఒకరు నేర్చుకునేవి కావు, ఎప్పుడో ఈ రెండు జనాల పూర్వీకులు పక్కపక్కన బతికి ఉండాలి. కాపరులు గొర్రెలతో ఎండాకాలం కొండ మీదికి, చలికాలం మైదానానికి వందల మైళ్లు నడిచే జనం. వాళ్లు నదికి అటే ఉన్నారా ఇటే ఉన్నారా అని గీత గీయడం కుదరదనీ, రెండు వైపులా ఉండి అటూ ఇటూ మారుతూ వచ్చారనీ నా అభిప్రాయం. దాన్నిబట్టి ఇవాళ్టి భూమి హక్కు తేల్చాలనుకోవడం ఆ కాపరులకు చేసే అన్యాయం.

రాతలో వీళ్లు కనిపించే తొలి చోట్లు చూస్తే మనసు ఆగిపోతుంది. 587 ప్రాంతంలో బైజాంటిన్ సైన్యం బాల్కన్ కొండల్లో రాత్రిపూట నడుస్తుంటే ఒక కంచరగాడిద మీద బరువు పక్కకు జారింది. వెనకనున్నవాడు ముందున్నవాణ్ణి 'తోర్న, తోర్న, ఫ్రాత్రె' అని కేకేశాడు. వెనక్కి తిరుగు తమ్ముడూ అని. సైన్యమంతా దాన్ని పారిపొమ్మనే ఆజ్ఞ అనుకుని పరుగెత్తింది. అది పాత లాటినా, పుడుతున్న రొమేనియనా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. వ్లాక్ అనే పేరు 976 నాటి ఒక హత్య ప్రస్తావనలో వస్తుంది, బల్గేరియా పాలకుడు సామ్యూల్ అన్న దావీదును కస్తోరియా, ప్రెస్పా మధ్య దారిలో కొందరు వ్లాక్‌లు చంపారని. ఇక రొమేనియన్‌లో మనకు దొరికిన అతి పాత ఉత్తరం 1521 నాటిది. కుంపులుంగ్ ఊరి నుంచి న్యాక్షు అనే వర్తకుడు బ్రషోవ్ నగర పెద్దకు రాశాడు, తుర్కులు దానూబ్ మీద పడవలతో కదులుతున్నారు జాగ్రత్త అని. అది సిరిలిక్ లిపిలో, అంటే రష్యన్ రాసే లాంటి లిపిలో ఉంది. లాటిన్ బిడ్డ అయిన భాష 1860ల దాకా సిరిలిక్‌లోనే రాసుకుంది. రొమేనియా పక్కనున్న మొల్దోవా దేశంలో అయితే దాదాపు సోవియట్ కాలమంతా సిరిలిక్కే, భాషకు పేరు కూడా మార్చి 'మొల్దోవన్' అన్నారు. 1989లో లిపి మారింది, 2023లో గానీ అక్కడి చట్టాల్లో రొమేనియన్ అనే పేరు పూర్తిగా రాలేదు. మొల్దోవా రాజధాని కిషినావ్‌లో చదువుతున్న మన పిల్లలు అక్కడి మాటను ఏమని పిలవాలో ఇప్పుడు తెలుసుకోవడం సులువు.

దక్షిణం వ్లాక్‌ల గురించి రాయకుండా ఈ ఉత్తరం ముగించలేను, ఎందుకంటే మీ వ్యాసం వాళ్లనే అన్నిటికంటే తక్కువ చేసింది. అల్బేనియా కొండల్లో మొస్కొపోలె అని వాళ్ల పట్నం ఉండేది. 18వ శతాబ్దంలో అక్కడ అచ్చుయంత్రం, పెద్ద పాఠశాల, వియన్నా వెనిస్‌లతో వ్యాపారం. 1769లో, మళ్లీ 1788లో దోపిడీలు జరిగి నాశనమైంది, ఇప్పుడది చిన్న ఊరు. ఆ ఊరికే చెందిన దానియేల్ అనే మతగురువు గ్రీకు, వ్లాక్, అల్బేనియన్, స్లావు మాటలతో నాలుగు భాషల పదకోశం చేశాడు. ఎందుకు చేశాడనుకున్నారు? ఈ జనమంతా తమ భాషలు వదిలేసి గ్రీకు నేర్చుకోవాలని. ముందుమాటగా రాసిన పద్యంలోనే ఆ సంగతి చెప్పాడు. ఆ భాష పోవాలని రాసినవాడి పుస్తకమే ఇవాళ ఆ భాష రెండు వందల ఏళ్ల కిందట ఎలా ఉండేదో చెప్పే గట్టి ఆధారాల్లో ఒకటి. ఇది చదివిన రోజు నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

గ్రీస్‌లో వ్లాక్‌లు చాలామంది తమను గ్రీకులనే చెప్పుకుంటారు, 1896 ఒలింపిక్స్ స్టేడియానికి డబ్బిచ్చిన అవెరోఫ్ మెత్సోవో అనే వ్లాక్ ఊరివాడే. వాళ్లు అలా చెప్పుకోవడం వాళ్ల ఇష్టం. కానీ 1995లో ఒక వ్లాక్ పండగలో చిన్న భాషల జాబితా ఉన్న కరపత్రం పంచినందుకు ఒకాయనకు 2001లో శిక్ష వేశారు, ఆ ఏడాది చివర పై కోర్టు కొట్టేసింది. ఉత్తర మాసిడోనియాలో పరిస్థితి మెరుగు, కృషెవో ఊళ్లో ఆ భాషకు అధికార హోదా ఉంది, అయినా 2002 లెక్కల్లో దేశం మొత్తం మీద వ్లాక్ అని రాయించుకున్నది 9,695 మంది. సెర్బియా తూర్పున 2011లో 35,330 మంది వ్లాక్‌లమన్నారు, 2022 వచ్చేసరికి 21 వేలే. నున్తి అనే మెగ్లెనో ఊరివాళ్లు ఎప్పుడో ముస్లింలుగా మారారు, 1923లో గ్రీస్, టర్కీలు మతాన్నిబట్టి జనాన్ని మార్చుకున్నప్పుడు ఊరు ఊరంతా లాటిన్ బిడ్డ అయిన భాషతో టర్కీకి పోవాల్సి వచ్చింది. ఇంత తక్కువమంది మిగిలిన వాళ్లను ఇంకో జనంలో కలిపేసి లెక్క రాయడం మంచిది కాదు.

మిమ్మల్ని కోరేది రెండే. వచ్చే ఆదివారం అదే అనుబంధంలో, అంతే పెద్ద అక్షరాల్లో సవరణ వేయండి. ఇక ముందు రొమేనియన్, రోమా అనే మాటలు వచ్చినప్పుడు ఏది ఎవరిదో మీ డెస్కులో ఒకసారి సరిచూసుకోండి. పేజీలో చోటుంటే మా అమ్మాయి నోట్సు వెనక పేజీ ఫొటో తీసి పంపుతాను, అప, లప్తె, న్వాప్తె, ఒప్ట్, అన్నీ తన చేతిరాతలోనే ఉన్నాయి, సవరణ పక్కన వేసుకోవచ్చు.

ఇట్లు,
మీ పాత చందాదారుడు,
తెనాలి